నాలుగో మూల

ఆత్మకూరులో ఆ వీధికి మునిసిపాలిటీ వాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది గానీ, దాన్ని పోస్టుమాన్ కూడా వాడడు. బొంతల వీధి అంటేనే ఆటోవాళ్ళు బండి తిప్పుతారు. పొద్దున ఏడింటికి అక్కడికి పోతే ఇళ్ళు సరిగా కనిపించవు. ఈ గోడకూ ఆ గోడకూ నడుమ ఇనప తీగలు, తీగల మీద పాత చీరలతో కుట్టిన బొంతలు, వాటి కింద తల వంచుకుని నడిచే మనుషులు. రాత్రి కప్పుకున్న బొంతను తెల్లవారగానే తీగ మీద వేయడం అక్కడ పళ్ళు తోముకోవడం కంటే ముందు పని. వేయకపోతే కుదరదు. తెల్లారేసరికి బొంత బరువెక్కి ఉంటుంది.

పగలంతా మనిషి పడిన అలుపును బొంత నిద్రలో లాక్కుంటుంది. నాట్లు వేసి వచ్చినామె బొంత కిలో ముప్పావు పెరుగుతుంది. లారీకి ఇటుకలెత్తే సిద్ధయ్య బొంతను తీగ మీదికి ఎక్కించడానికి ఇద్దరు కావాలి. బ్యాంకులో పనిచేసే ఒకాయన బొంత ఎప్పుడైనా పావుకిలో పెరిగితే ఆయన భార్య ఆ సంగతి వీధంతా చెప్పుకుంటుంది. ఎండ తగిలాక అలుపు మెల్లగా నేలలోకి దిగిపోతుంది, మధ్యాహ్నానికి బొంత మళ్ళీ తేలిక. అందుకే తీగల కింద ఎవరూ మల్లెచెట్టు పెట్టరు, మొగ్గ తొడిగే ఓపిక దానికి ఉండదు. తీగ కింది గడ్డి మేసిన గేదె ఎంత అదిలించినా సాయంత్రం దాకా లేవదు. ఎండాకాలం కప్పుకోలేనివాళ్ళు బొంతను కిందే పరుచుకుంటారు గానీ, బొంత లేకుండా మాత్రం పడుకోరు.

ఈ బొంతలు కుట్టేది వీధి చివర వెంగమ్మ వసారాలో. వసారా వెంగమ్మది కూడా కాదు, ఎవరో ఖాళీ చేసి వెళ్ళిన బియ్యం కొట్టు ముందు భాగం. వెంగమ్మ కాపురం ఊరవతల చెరువు కింది గుడిసెల్లో, మొగుడు పోలేరయ్యతో. పోలేరయ్య చేపలు పడతాడు. వెంగమ్మ పదేళ్ళప్పటి నుంచి కూలికి పోయి, మోకాళ్ళు అరిగాక సూది పట్టింది. ఆమె కింద ఏడుగురు ఆడవాళ్ళు కుడతారు. పోయిన ఎండాకాలం ముందర ఎనిమిదో మనిషిగా నిరోష చేరింది.

నిరోషది కలిగిరి పక్కన పల్లె. పొలాలు, ట్రాక్టర్లు ఉన్న ఇల్లు. అన్న రామనారాయణ ఆ మండలంలో ఏ మీటింగు జరిగినా ముందు వరస కుర్చీలో ఉంటాడు. చెల్లెలు హైదరాబాదులో పరిశోధన చేస్తోందని పదకొండేళ్ళు చెప్పుకుని తిరిగాడు. దేని మీద అని ఎవరైనా అడిగితే "సజ్జల మీద" అనేవాడు. అంతకుమించి ఆయనకు తెలియదు, అడిగినవాళ్ళకు అక్కర్లేదు. నీళ్ళు లేని నేలలో సజ్జ వేరు దాహాన్ని ఎలా ఓర్చుకుంటుందో తెలుసుకోవడం నిరోష పని. ఆ పనిలో ఆమె ఒకసారి రెండు రకాల విత్తనాల సంచుల మీద చీటీలు తారుమారుగా అంటించింది. ఆ సంగతి బయటపడేసరికి రెండేళ్ళు గడిచాయి. రెండేళ్ళ పంట, రెండేళ్ళ కొలతలు, ముగ్గురు జూనియర్ల చదువు మట్టిలో కలిసిపోయాయి.

ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆమెకు పని నేర్పిన మల్లికార్జున సారు "పర్లేదులే నిరోషా, జరుగుతుంటాయి" అని కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. ఆ తర్వాత మెల్లగా ఆమెను మీటింగులకు పిలవడం మానేశారు. టీ తాగడానికి పోయేటప్పుడు ఆమె బల్ల దగ్గర ఆగడం మానేశారు. గట్టిగా ఒక్కరు తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేది. తప్పు తనదని చెప్పడానికి తనకూ నోరు రాలేదు, అడగడానికి వాళ్ళకూ మనసు రాలేదు. ఇంకో మూడేళ్ళు అలాగే గడిపి, ప్రాజెక్టు అయిపోయిందని కాగితం ఇచ్చిన రోజు పెట్టె సర్దుకుని వచ్చేసింది. అప్పటికే ఆమెకు నిద్ర పట్టడం మానేసి చాలా రోజులైంది.

ఆత్మకూరు బొంత కప్పుకుంటే నిద్ర వస్తుందని వదిన చెప్పింది. కొనుక్కుని పోయి, పది రోజుల తర్వాత దాన్ని చంకలో పెట్టుకుని వసారా ముందు నిలబడింది.

"అవ్వా, ఈ బొంత పనిచేయడం లా. రోజూ తూచినాను. గ్రాము కూడా పెరగలేదు."

అలాంటి పెద్దింటి ఆడవాళ్ళు తనను అవ్వా అని పిలవడం వెంగమ్మకు కొత్త. ఆమె తల ఎత్తి చూసింది.

"ఏం పని చేస్తావమ్మా నువ్వు?"

"ఇప్పుడేం లేదు. ఇంతకుముందు పరిశోధన."

"కూచోని చేసేదా?"

"కూచోని, నిలబడి. ఎక్కువ ఆలోచించేదే."

"అదీ సంగతి. బొంత ఒంటి అలుపు లాగుతాది గానీ మనసు అలుపు లాగదు. అది లోపల్లోపలే తిరగతా ఉంటాది. ఒంటికి పని చెప్పు."

"ఏం పని చెప్పేది?"

"సూది ఉండాది, పాత చీరలుండాయి. చోటు కూడా ఉండాది. కూచో."

నిరోష కూర్చుంది. అంతకంటే మెరుగైన ఉపాయం, ఇల్లు చేరిన ఈ నలభై రోజుల్లో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ వారమే ఆ వీధిలో మేడ మీద ఒక గది అద్దెకు తీసుకుంది.

ఈ సంగతి తెలిసి రామనారాయణ కారేసుకుని వచ్చాడు. తీగలు అడ్డం కాబట్టి కారు వీధి మొదట్లోనే ఆగిపోయింది. తెల్లబట్టలు నలగకుండా నడుచుకుంటూ వచ్చి, వసారాలోకి రావడం ఇష్టంలేక బయటే నిలబడి మొదలుపెట్టాడు.

"పీహెచ్‌డీ చేసి బొంతలు కుట్టేదేందమ్మా? ఊళ్ళో అడిగినోళ్ళకు నేనేం చెప్పాల?"

"కుడతా ఉండాదని చెప్పు."

"మనింట్లో ఎవురైనా ఇట్టాంటి పని చేసినారా? నీకేం తక్కువ చేసినాం మేము? ఇంటి పరువు..."

ఆయన నిలబడింది సిద్ధయ్య బొంత కింద. ఇటుకల అలుపు బొట్లు బొట్లుగా నెత్తిన దిగుతోందని ఆయనకు ఎవరూ చెప్పలేదు, చెప్పాలని ఎవరికీ అనిపించలేదు. పరువు దగ్గర గొంతు తగ్గింది. మోకాళ్ళు వంగి మెట్టు మీద కూర్చున్నాడు. కుట్టేవాళ్ళలో చిన్నది జెస్సీ మంచినీళ్ళిస్తే తాగి, "సరేలే, తిండికి మాత్రం లోటు చేసుకోబాక" అని లేచి, గోడ పట్టుకుంటూ కారు దాకా పోయాడు. మళ్ళీ రాలేదు.

ఆ వసారాలో ఒక పద్ధతి ఉంది. కొత్తగా చేరినామె మొదటి బొంతను మొత్తం ఒంటరిగా, తన ఇంట్లో, తన బట్టలతో కుట్టాలి. దాన్ని అమ్మరు. నేర్పినామె దాన్ని ఏడాది పాటు కప్పుకోవాలి. ఆ ఏడాదిలో కొత్తామెను అంచులు ముట్టుకోనివ్వరు, నడుమ వరసలే కుడుతుంది. మొదటి బొంతలో తప్పుంటే కుట్టినామె తనంతట తను కనుక్కోవాలి, తన చేత్తోనే విప్పుకోవాలి. ఇంకొకరు వేలు పెట్టి చూపించినా, నేర్పినామె బరువు మోయలేక పక్కన పడేసినా, ఆమె ఇక ఆ వీధిలో సూది పట్టడానికి లేదు. ఎవరు పెట్టారో ఈ పద్ధతి. అలిగి వెళ్ళిపోయినవాళ్ళు ఉన్నారు గానీ మార్చినవాళ్ళు లేరు.

నిరోష మొదటి బొంతకు రెండు నెలలు పట్టింది. పైకి అమ్మ పాత నూలు చీరలు, లోపలి పొరల్లో తన రెండు తెల్ల ల్యాబు కోట్లు వేసింది. కుట్లు ఎంత సన్నంగా, ఎంత సమంగా పడ్డాయంటే స్కేలు పెట్టి చూసినా తేడా కనిపించదు. అంతా అయ్యాక, నమూనాకని తెచ్చుకున్న వసారా బొంతతో పోల్చి చూసింది. ఆ పాత బొంతలో నాలుగో మూల మూడు వేళ్ళంత మేర కుట్టకుండా వదిలేసి ఉంది. ఎవరో బద్ధకించారనుకుంది. తన బొంతలో నాలుగో మూల కూడా ఇరవై ఒక్క కుట్లు వేసి గట్టిగా మూసింది. అడగాలని ఆమెకు తోచలేదు. అలుపు నేలలోకి దిగేది ఆ సందులోంచేనని వసారా వాళ్ళూ చెప్పి ఉండలేదు. ఇంటికి వాకిలి ఉండాలని ఎవరు ఎవరికి చెబుతారు?

వెంగమ్మ బొంత అందుకుని నాలుగు మూలలూ తడిమింది. నాలుగో మూల దగ్గర ఆమె వేళ్ళు ఆగాయి. కుట్టేవాళ్ళలో పెద్దదైన కామమ్మ చూసింది, జెస్సీ చూసింది. జెస్సీ నోరు తెరవబోతే వెంగమ్మ కాలితో ఆమె కాలు తొక్కింది.

"బాగా కుట్టినావమ్మా" అంది వెంగమ్మ. "ఈ రోజు నుంచి ఇదే కప్పుకుంటా."

అప్పటి నుంచి ఆ సంగతి నిరోషకు తప్ప వసారాలో అందరికీ తెలుసు. నోరు లేని బొంతలోకి పోయిన అలుపు బయటికి రాదు. నేలలో కలవని అలుపు ఇంకా ఆ మనిషిదే, ఎక్కడ ఉన్నా ఆమె భుజాల మీద ఉన్నట్టే. వెంగమ్మ రోజురోజుకీ వంగిపోతూ వచ్చింది.

నిరోషకు మాత్రం ఆ రోజులు బాగానే ఉన్నాయి. కొలవడం ఆమెకు పాత అలవాటు. కొక్కెం ఉన్న చేతి కాటా ఒకటి కొనుక్కొచ్చి, పొద్దున్నే వసారా వాళ్ళ బొంతలు తూచి నోటుబుక్కులో రాసుకునేది.

"మేడమ్, నాకెన్ని మార్కులొచ్చినాయి?" అనేది జెస్సీ.

"కిలో నూటయాభై."

"చూసినావా కామక్కా, నీకంటే నేనే ఎక్కువ పని చేసినా."

"పనా పాడా! నిన్న పొద్దుగూకులూ మీ అత్తతో కొట్లాడినావు, చేతులూపి ఊపి" అనేది కామమ్మ.

నిరోష బొంత కూడా నూరు గ్రాములో నూటయాభయ్యో పెరుగుతుండేది. వేలి చివర్లు కాయలు కాచాయి. నిద్ర గంటో గంటన్నరో పట్టేది. మనుషుల మధ్య కూర్చుని, వాళ్ళ మాటలు వింటూ, ఒక వరస తర్వాత ఒక వరస కుట్టుకుంటూ పోవడం ఆమెకు ప్రాణానికి హాయిగా ఉండేది. ఈ వసారా లేకపోతే తన బతుకు ఏమయ్యేదోనని ఒక్కోసారి భయపడేది కూడా.

వెంగమ్మ బొంత లెక్క మాత్రం ఆమెకు అంతుపట్టలేదు. అది మధ్యాహ్నానికి తేలిక పడటం లేదు. నాలుగు కిలోల బొంత శ్రావణానికి ఎనిమిదైంది. మొదట కాటా చెడిందనుకుని కొత్తది తెచ్చింది. కొత్తదీ అదే చెప్పింది. తర్వాత వానలు పట్టుకున్నాయి, తడి ఆరడం లేదనుకుంది. కార్తీకంలో పదిహేను దాటాక వెంగమ్మ బొంతను వసారాకు తేవడమే మానేసింది.

"ఇంటికాడే ఆరేస్తా ఉండాలే. అంత దూరం మోసుకోని రాలేను" అంది.

నిరోష నోటుబుక్కులో వెంగమ్మ పేరు కింద గడులు ఖాళీగా వదిలింది. వెంగమ్మ సూది జారిపోతుండేది. దారం ఎక్కించమని కామమ్మకు ఇచ్చేది. ఒక వరస కుట్టి గోడకు ఆనుకుని కళ్ళు మూసుకునేది. ఆసుపత్రిలో డాక్టరు బలానికి మాత్రలిచ్చి, వయసన్నాడు. మాఘం వచ్చేసరికి ఆమె వసారాకు రావడం కూడా ఆగిపోయింది.

"ఈ నెల దాటదు" అంది కామమ్మ ఒకరోజు, కుడుతూ కుడుతూ. వసారాలో ఎవరూ తల ఎత్తలేదు. జెస్సీ మాత్రం నిరోష వైపు తినేసేలా చూసింది. ఆ చూపెందుకో నిరోషకు అర్థం కాలేదు. ల్యాబులో చివరి మూడేళ్ళు అందరూ అలా చూస్తే బాగుండునని ఆమె కోరుకుందన్నది జెస్సీకి తెలియదు.

మర్నాడు పొద్దున పోలేరయ్య టీవీయెస్ బండి మీద వచ్చాడు. వెనక తాళ్ళతో కట్టిన బొంత ఉంది. బండి ముందు చక్రం నేల మీద సరిగా ఆనడం లేదు. నిరోష, జెస్సీ చెరో వైపు పట్టి బొంతను దించారు.

"దీన్ని తూయమ్మా" అన్నాడు పోలేరయ్య.

తీగ కట్టే ఇనప గుంజకు కాటా తగిలించి, కొక్కేనికి బొంత వేశారు. ముల్లు ఇరవై ఐదు దాకా పోయి ఆగింది. ఆ కాటాలో అంతకంటే అంకెలు లేవు. కొక్కెం మెల్లగా సాగి నిటారుగా అయిపోయింది, బొంత నేల మీద పడింది.

"వానలు పోయి రెండు నెలలైంది" అంది నిరోష. "తడి కాదు."

"కాదు."

"మరేంది పెద్దాయనా?"

పోలేరయ్య తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. "నేను మీ వసారా మనిషిని గాను. మీ రూలు నాకు లేదు. కానీ మా ఆడమనిషి నా చేత ఒట్టేయించుకున్నాది, అందుకని చెప్పను. ఆమె ఈ పొద్దు గంజి కూడా మింగలేదమ్మా. నువ్వు చదువుకున్నదానివి. చూడు."

ఇంత కాలం నిరోష కాటాను అనుమానించింది, వానను అనుమానించింది, డాక్టరు మాట విని వెంగమ్మ వయసును అనుమానించింది. తన కుట్టును అనుమానించలేదు. వీధిలోకి నడిచి మొదటి తీగ మీది బొంతను పట్టుకుంది. నాలుగో మూల తెరిచి ఉంది. దాని పక్కది చూసింది, తెరిచి ఉంది. ఎదుటి గోడ తీగ మీదవి, సిద్ధయ్యది, బ్యాంకు ఆయనది, తన గదిలో ఉన్నది, అన్నిటికీ మూడు వేళ్ళ సందు ఉంది. సందుకు సూటిగా కింద నేల మీద గడ్డి వాడి పడుకుని ఉంది. దాదాపు ఏడాదిగా రోజూ దాని పక్కనుంచే నడిచింది. వెనక్కి వచ్చి, నేల మీద పడి ఉన్న, తను కుట్టిన బొంత దగ్గర కూర్చుని నాలుగో మూల మీద వేలు పెట్టింది. ఇరవై ఒక్క కుట్లూ సమంగా, అందంగా ఉన్నాయి.

చీటీలు తారుమారయ్యాయని తెలిసిన రోజు ఆమె బాత్రూములోకి పోయి తలుపేసుకుంది. ఈసారి లేచి పోలేరయ్య బండి ఎక్కింది.

వెంగమ్మ చాప మీద వెల్లకిలా పడుకుని ఉంది. పైన బొంత లేకపోయినా పెద్ద రాయి కింద ఉన్న మనిషిలా ఉంది.

"అవ్వా" అంది నిరోష. "తప్పు నాది. నాలుగో మూల కుట్టేసినాను."

వెంగమ్మ కళ్ళు తెరిచింది.

"నీదే" అంది. "ఎనిమిది నెలలు పట్టిందే నీకు! అంత చదువు చదివినావు."

నిరోష భోరున ఏడ్చింది. ఆ మాట కోసం ఆమె ఎన్నేళ్ళు ఎదురుచూసిందో ఆమెకే తెలుసు. నీదే అని ఒక మనిషి ముఖాన అనడం ఇంత చల్లగా ఉంటుందని అనుకోలేదు.

"ముందే ఎందుకు చెప్పలా?"

"చెప్తే నువ్వు పోవాల. పోయి యాడుంటావు? మీ అన్న కాడ కూచోని సీలింగు చూస్తా ఉంటావు."

"నువ్వు చచ్చిపోతే?"

"అదీ ఆలోచించినాలే. ఇంకొక నెల చూద్దామనుకున్నా." వెంగమ్మ ఊపిరి కూడదీసుకుంది. "ఏడ్చేది తర్వాత ఏడుద్దువు గానీ, లెయ్. దాన్ని విప్పాల. వీధిలో వద్దు, పిల్లకాయలుండారు. చేజర్ల రోడ్డులో బండ మీదికి తీసకపోండి. బండకైతే ఏం గాదు."

నిరోష వసారాకు తిరిగొచ్చింది. ఆ వీధికి వచ్చే వినోద్ ఆటోలో వెనక సీటు మీద బొంత, దాని పక్కన నిరోష, కామమ్మ ఎక్కారు. జెస్సీ ముందు కూర్చుంది. వినోద్ రెండు కిలోమీటర్లకే మూడుసార్లు ఆవలించాడు. జెస్సీ అతని తొడ మీద గిల్లుతూ కూర్చుంది. బండ దగ్గరికి చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. నలుగురూ కలిసి బొంతను ఈడ్చి బండ మీద వేశారు. వినోద్ ఆటోలోకి పోయి పడుకున్నాడు.

"చెప్పులు విడువు మే" అంది కామమ్మ. ఇన్నాళ్ళలో ఆమె నిరోషను మే అని చనువుగా పిలవడం అదే మొదలు. "కాళ్ళు బండకు ఆనించు. నీలోంచే పోవాల అది. నిలబెట్టుకోబాక, పోనీ."

నిరోష మూల ఒళ్ళో పెట్టుకుని మొదటి కుట్టు కింద సూది దూర్చింది. దారం తెగగానే చేతుల్లోకి బరువు దిగింది. మొదట దిగింది వెంగమ్మ ఈ ఎనిమిది నెలల అలుపు, వంగి కుట్టిన నడుము నొప్పి. నాలుగు కుట్లు పోయాక పాతవి రావడం మొదలైంది. అంత బరువు కింద పడుకుని ఉన్నందుకు, ఇంతకుముందు ఏ బొంతా లాగలేనివి, ఎముకల్లో ఎప్పుడో ఇంకిపోయినవి కూడా అందులోకి దిగినట్టున్నాయి. చేజర్ల మళ్ళలో మోకాలి లోతు నీళ్ళలో పొద్దంతా వంగి వేసిన నాట్లు. వరికుంటపాడు చేలల్లో కందికట్టె కోస్తే అరచేతులు మండిన మంట. తొమ్మిదో నెల కడుపుతో తట్ట ఎత్తిన రోజు. తల్లిని మట్టి చేసి వచ్చిన మర్నాడే కలుపుకు పోయిన రోజు, ఆ రోజు అలుపు మిగతావాటి కంటే బరువుగా ఉండి, భుజాల్లోంచి దిగడానికి చాలాసేపు పట్టింది. పదేళ్ళ పిల్ల మొదటి రోజు కూలి అలుపు అన్నిటికంటే అడుగున ఉంది. అది చాలా చిన్నది.

ఇంత మోస్తూ ఈమె నాకు సూది పట్టుకోవడం నేర్పిందా అని నిరోష అనుకుంది. విప్పడం ఆపలేదు. పాదాల కింద బండ వేడిగా, గట్టిగా, అంతా తీసుకుంటూ ఉంది. ఇరవై ఒకటో కుట్టు తెగినప్పుడు ఎక్కడో దూరంగా పొలంలో ఎద్దు ఒకటి కూలబడింది. బొంత గాలికి ఎగరబోతే జెస్సీ ఒక్క చేత్తో పట్టి మడత పెట్టింది.

"అయిపోయిందక్కా" అంది. మేడమ్ అనలేదు.

అంతా బండలోకే పోలేదు, కొంత నిరోషలో ఆగిపోయింది. అది మనసుది కాదు, ఒంటిది. ఒక కూలి మనిషి రోజంతా పనిచేస్తే వచ్చే మామూలు అలుపు. ఆమె ఎండలో, బండ మీదే పక్కకు ఒరిగి నిద్రపోయింది. కామమ్మ, జెస్సీ కొంగులు పట్టుకుని నీడగా నిలబడ్డారు.

నిరోషకు మెలకువ వచ్చేసరికి మర్నాడు పొద్దున పది గంటలైంది. తను వెంగమ్మ గుడిసెలో చాప మీద ఉంది. ఒళ్ళంతా తీపు పెడుతోంది, ఎంత సుఖంగా ఉందో చెప్పనలవి కాదు. గుడిసె బయట చప్పుడు వినబడితే తొంగి చూసింది. వెంగమ్మ నిటారుగా నిలబడి ఉంది. నీళ్ళు మోసేసింది, అన్నం, చేపల పులుసు చేసేసింది, వాకిలి పేడతో అలికేసింది, పోలేరయ్య వలలో చిరిగిన కళ్ళన్నీ అల్లేసింది. ఇప్పుడు నడుము మీద చేతులు పెట్టుకుని నాలుగు వైపులా చూస్తోంది.

"లేచినావా" అంది. "అందరికీ చెప్పినాను లేపబాకండని. తిను. రేపటి నుంచి అంచులు నువ్వే కుట్టాల, కామమ్మ కూడా సరే అన్నాది."

"నువ్వెట్టుండావు అవ్వా?"

వెంగమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆమె ముఖంలో సంతోషం కంటే బెదురు ఎక్కువగా ఉంది.

"నాకేం అలుపు లేదమ్మా" అంది మెల్లగా, ఎవరైనా వింటారేమో అన్నట్టు. "కొంచెం కూడా లేదు. తెల్లారి లేచినప్పటి నుంచి చూస్తా ఉండా. పనంతా చేసినా రాలేదు. నాకు బుద్ధి తెలిసినాక ఇట్టా ఎప్పుడూ లేను. అలుపు లేనోళ్ళు ఏం చేస్తారమ్మా పొద్దంతా? నువ్వు చదువుకున్నదానివి, చెప్పు."

"నాకూ తెలీదవ్వా" అంది నిరోష.

వెంగమ్మ తల ఊపింది. లేచి, దండెం మీది మంచి చీర తీసి కట్టుకుంది. ఆధార్ కార్డు కొంగున ముడి వేసుకుంది.

"యాడికే?" అన్నాడు పోలేరయ్య.

"ఊరికే."

"ఊరికే యాడికి?"

"నాకేం తెలుసు? పోయి చూస్తా."

పోలేరయ్య వల పక్కన పెట్టి, ఆమె రోడ్డు దాకా నడవడం చూస్తూ నిలబడ్డాడు. ఆమె పరుగు లాంటి నడక అతను పెళ్ళి నాడు కూడా చూసి ఉండడు. నిరోష కూడా లేవబోయింది గానీ కాళ్ళు మాట వినలేదు, మళ్ళీ నిద్ర కమ్ముకొచ్చింది.

మొదట వచ్చిన బస్సు ఉదయగిరిది. వెంగమ్మ చెయ్యెత్తి ఆపి ఎక్కింది. డెబ్బయ్యేళ్ళలో ఆమె ఎక్కిన బస్సులన్నీ కూలికి పోయేవే, నిలబడి పోయేవే. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంటే ఒక నిమిషం సందేహించి, దాంట్లో కూర్చుంది. ఉదయగిరిలో ఆమెకు చుట్టాలు లేరు, పని లేదు.

కండక్టరు కార్డు చూసి, "యాడ దిగుతావవ్వా?" అని అడిగాడు.

"దిగాలనిపిస్తే చెప్తాలే" అంది వెంగమ్మ, కిటికీలోంచి చూస్తూ.